పిల్లలు తిననంటే వేరే వంట చేయాలా, అందరికీ ఒకటే వంటా?

రెండు వంటల అమ్మ:
ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అప్పుడు ఒక వంట ఇంటిల్లిపాదికీ, ఇంకో వంట మా నాలుగేళ్లవాడికి. వాడు తినేవాటిని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆకుపచ్చగా ఏది కనబడినా పళ్లెం అవతలికి తోసేస్తాడు. మా వదిన "ఒకటే వంట చెయ్యి, ఆకలేస్తే వాడే తింటాడు" అంటుంది. ఆఫీసులో నా పక్క సీటావిడ "పగలంతా ఎలాగూ దగ్గర ఉండం, రాత్రి ఒక్క పూటైనా కడుపునిండా తిననివ్వాలి కదా" అంటుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంటుంది, గిన్నెలు మాత్రం నేనే తోముకోవాలి. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు? "ప్రేమగా చెప్పి చూడండి" అని మాత్రం రాయకండి. చెప్పి చూశాకే ఇక్కడికొచ్చాను.

గట్టిపిండం:
మీ వదిన చెప్పిందే కరెక్ట్. ఎవరికి కావలసింది వాళ్లకు వడ్డించడానికి ఇల్లేమైనా హోటలా? మా పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే మాట. బల్ల మీద ఉన్నది తినొచ్చు, వద్దంటే లేచిపోవచ్చు, అరగంట తర్వాత వచ్చి వంటింట్లో డబ్బాలు మాత్రం తడమకూడదు. మొదట్లో ఏడుపులూ పెడబొబ్బలూ అన్నీ అయ్యాయి. ఇప్పుడు పెద్దాడు అన్నీ తింటాడు, చిన్నది దాదాపు అన్నీ. మనం ఇంకోటి వండిపెడతామని తెలిసినంతకాలం మొదటిది ఎందుకు తింటారండీ? నేనే అయినా తినను.

నిద్రలేని రాత్రి:
"ఆకలేస్తే వాడే తింటాడు" అనేవాళ్లెవరూ రాత్రి రెండింటికి లేవరు. మా పాప తినకుండా పడుకుంటే అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది. లేచేది నేను, పొద్దున్నే ఆరింటికి బస్సు పట్టుకోవాల్సిందీ నేనే. పది నిమిషాల్లో ఒక గుడ్డు ఉడకబెట్టి చేతికిస్తే ఇంటిల్లిపాదీ నిద్రపోతాం. గారాబం అంటారా, అనుకోండి.

పాతకాలం మామ్మ:
ఇంత చర్చ దేనికమ్మా? మా రోజుల్లో ముద్ద కలిపి, కథ చెప్పి, కిటికీ దగ్గర నిలబెట్టి తినిపించేవాళ్లం. కంచం ఖాళీ అయితేగానీ లేవనిచ్చేవాళ్లం కాదు. మా పిల్లలందరూ శుభ్రంగానే పెరిగారు. మీరు తిండి కూడా పిల్లల్ని అడిగి పెడుతున్నారు, అక్కడే వచ్చింది చిక్కంతా.

పిల్లల డైటీషియన్:
రోజూ నేను చేసే పనే ఇది కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు వయసు సంగతి. మొదటి పుట్టినరోజు నాటికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు మూడింతలవుతుంది. ఆ వేగం తర్వాత ఉండదు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఏడాదికి పెరిగేది సుమారు రెండు కిలోలే. ఒంటికి అవసరం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. "చిన్నప్పుడు ఏది పెట్టినా తినేవాడు, ఇప్పుడేమైందో" అని తల్లులు దిగులుపడుతూ వచ్చేది సరిగ్గా ఈ వయసు పిల్లలతోనే. పైగా రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త రుచి అంటే బెదురు ఎక్కువ. చాలామంది పిల్లల్లో ఉండేదే, పెంకితనం అనుకోనక్కర్లేదు.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ 1980ల్లో చెప్పిన పద్ధతి ఒకటి ఇప్పటికీ మా రంగంలో బాగా వాడుకలో ఉంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దవాళ్ల నిర్ణయాలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల నిర్ణయాలు. గట్టిపిండం గారు చేస్తున్నది దీనికి దగ్గరగానే ఉంది కానీ ఒక ముక్క వదిలేశారు. పిల్లాడు ఖాయంగా తినేది ఒక్కటైనా బల్ల మీద ఉండాలని కూడా ఆ పద్ధతిలో ఉంది. అందుకోసం ఇంకో పొయ్యి వెలిగించనక్కర్లేదు. ఉప్పూకారాలు వేసేముందు రెండు గరిటెలు పక్కకు తీయండి. ఉడికిన కూరముక్కలు కొన్ని దేంట్లోనూ కలపకుండా గిన్నెలో విడిగా ఉంచండి. ఒక పండు కోసి పెట్టండి. వాడు వాటితోనే సరిపెట్టుకుంటే సరిపెట్టుకోనివ్వండి. మిగతావి వాడి కంటికి ఎదురుగా, చేతికి అందేంత దూరంలో ఉంటే చాలు.

మామ్మగారికి ఒక మాట. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు సూపులు ఇచ్చి, కొన్నిసార్లు "తాగేయండి, తాగేయండి" అని వెంటపడ్డారు, కొన్నిసార్లు ఏమీ అనలేదు. ఏమీ అననప్పుడే ఎక్కువ తాగారు. బాగాలేదని సణగడం కూడా తగ్గింది.

పాతకాలం మామ్మ:
వాళ్ల సూపు ఎలా ఉందో ఏమో! అయినా తిట్టి తినిపించామని నేనెక్కడన్నాను తల్లీ? కథ చెప్పామన్నాను. మీరు ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపిస్తున్నారు కదా, దానికంటే కథ మేలు.

పిల్లల డైటీషియన్:
ఫోన్ కంటే కథ మేలే మామ్మగారూ, కాదనను. కథ వింటూ తినే పిల్లాడు మీ ముఖం చూస్తాడు, ఫోన్ చూసేవాడు నోట్లో ఏముందో కూడా చూసుకోడు. కంచం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వకపోవడం దగ్గరే నా పేచీ. కడుపు నిండిందని ఒళ్లు చెబుతుంటే ఇంకో రెండు ముద్దలు కుక్కితే, ఆ మాట వినడం పిల్లలు మానేస్తారు.

లెక్కల టీచర్:
కొత్త కూర చాలాసార్లు పెడితేగానీ అలవాటు కాదని అందరూ చెప్పేదే. మరి అన్నిసార్లు వండి అన్నిసార్లు పారేసేది ఎవరు? ఇంటి ఖర్చు చూసుకునేవాళ్లకు ఆ సలహా వినడానికే కష్టంగా ఉంటుంది. మా ఇంట్లో వాళ్లు వదిలేసింది నేను తింటాను. ఈ పద్ధతి వల్ల బరువు పెరిగింది నేనొక్కదాన్నే.

పిల్లల డైటీషియన్:
ఎనిమిది నుంచి పదిహేనుసార్ల దాకా పట్టొచ్చు, నిజమే. కానీ గరిటెడు గరిటెడు వడ్డించమని ఎవరూ అనరు. బఠాణీ గింజంత పెట్టండి. అదీ మీ పళ్లెంలోంచి తీసి పెట్టండి, విడిగా వండి కాదు. వేలితో నొక్కి చూసినా, నాలుకతో తాకి తిరిగి పెట్టేసినా పని జరుగుతున్నట్టే. ఇంకోటి, "ఇది తింటే స్వీటు ఇస్తా" అనే బేరం పెట్టకండి. ఆ బేరంతో స్వీటు విలువ పెరుగుతుంది, కూర శిక్షలా కనిపిస్తుంది.

వంటొచ్చిన నాన్న:
మా ఇంట్లో రాత్రి వంట నాదే, అందుకని తల్లుల మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి.

మా పాపకు ఆరేళ్లు. ఉల్లిపాయ ముక్క కూరలో ఎంత సన్నగా తరిగినా కనిపెట్టేస్తుంది. ముద్ద విప్పి, చూపుడువేలి గోరుతో ఒక్కో ముక్కా లాగి, పళ్లెం అంచున చీమల బారులా పేరుస్తుంది. ఆ పని అయ్యేసరికి తిండి చల్లారిపోతుంది, ఆకలీ చచ్చిపోతుంది. కోప్పడితే ఏడుపు, ఊరుకుంటే గంట. దాంతో నేను కలిపి వండడమే తగ్గించాను. ఇప్పుడు వేయించిన ఉల్లిపాయలు ఒక గిన్నెలో, కూరముక్కలు ఒకదాంట్లో, గుడ్డో చికెనో ఇంకోదాంట్లో పెడతాను. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. వంట ఒకటే, కలపడం ఎవరిది వాళ్లది. ఉల్లిపాయల గిన్నె జోలికి తను ఇంకా వెళ్లలేదు, కానీ దాన్ని చూస్తే లేచి పారిపోవడం మానేసింది. నాకు ఈ మాత్రం చాలు.

తోమాల్సిన గిన్నెలు పెరుగుతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

నిద్రలేని రాత్రి:
నాన్నగారూ, మీరు వండుతారు కాబట్టి గిన్నెలు పెరిగినా మీ ఇష్టం. వండేది, వడ్డించేది, తోమేది ఒక్క మనిషే అయిన ఇంట్లో "విడివిడిగా పెట్టండి" అంటే ఇంకో అరగంట పని. ఈ చర్చలన్నిట్లోనూ పిల్లాడు ఏం తినాలో అందరూ చెబుతారు. ఆ గిన్నె ఎవరు కడగాలో ఎవరూ చెప్పరు.

వంటొచ్చిన నాన్న:
దానికి నా దగ్గర జవాబు లేదు. వండినవాళ్లు తోమకూడదన్నది మా ఇంట్లో రూలు. అది మా ఇద్దరికీ మధ్య కుదిరిన రూలు, పిల్లలతో సంబంధం లేనిది.

నెమ్మది:
ఇప్పటిదాకా ఊరికే చదువుతున్నాను. "అందరికీ ఒకటే వంట" అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా బాబుకు ఆటిజం. మెత్తగా ఉన్నది నోట్లోకి వెళ్తే డోకు వస్తుంది, నటన కాదు, నిజంగానే కక్కేస్తాడు. కరకరలాడేవే తింటాడు, అదీ ఒక పళ్లెంలోనే, ఒకదానికొకటి తగలకుండా. ఆకలితో పడుకోబెడితే రెండో రోజూ తినడు, మూడో రోజూ తినడు. చుట్టాలింటికి వెళ్లినప్పుడల్లా "మా దగ్గర రెండు రోజులుంచు, దారికి తెస్తాం" అని ఎవరో ఒకరు అంటారు. వాడికి వేరే వంట అంటే ముద్దు చేయడం కాదు. మా డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాను, ఆపే ఆలోచన లేదు.

పిల్లల డైటీషియన్:
మీరు చేస్తున్నది సరైన పని. ఇలాంటి పిల్లల ఇబ్బందికి వైద్యంలో ఆర్ఫిడ్ అని పేరు కూడా ఉంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో దాన్ని చేర్చారు. ఆటిజం లేని పిల్లలకూ ఇది ఉండొచ్చు. బరువు తగ్గుతున్నా, పెరగాల్సినంత పెరగకపోయినా, ఉన్న నాలుగు రకాల్లోంచి కూడా ఒక్కోటి వదిలేస్తూ వస్తున్నా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా డాక్టర్‌కి చూపించండి. వాళ్ల మీద "ఆకలేస్తే తింటాడు" ప్రయోగం చేయకండి.

గట్టిపిండం:
ఆ పిల్లల సంగతి వేరని నేనూ ఒప్పుకుంటాను. నెమ్మది గారూ, నా మాట మిమ్మల్ని ఉద్దేశించి కాదు. కానీ పుట్టెడు ఆరోగ్యంతో ఉండి మారాం చేసేవాళ్లే ఎక్కువ ఇళ్లలో ఉన్నారు. రెండు వంటల అమ్మ గారిని ఒకటి అడుగుతాను. రాత్రి తిండికి ముందు మీవాడు ఏం తింటున్నాడు? అది ఎవరూ అడగలేదు.

రెండు వంటల అమ్మ:
ఆరింటికి ఒక పెద్ద గ్లాసు పాలు, రెండు మూడు బిస్కెట్లు. నేను వచ్చేలోగా అత్తయ్య ఇస్తారు. పొద్దున ఒక గ్లాసు, పడుకునేముందు ఇంకోటి.

గట్టిపిండం:
ఇంకేం, దొరికింది! ఆరింటికి కడుపు నింపేసి ఎనిమిదింటికి తినట్లేదంటే ఎలా?

పిల్లల డైటీషియన్:
ఈ ఒక్క విషయంలో గట్టిపిండం గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ వయసుకు రోజు మొత్తం మీద అర లీటరు పాలు చాలు. అంతకు బాగా మించితే ఆకలి చస్తుంది, ఒంట్లో ఇనుము తగ్గే ప్రమాదమూ ఉంది. పాలల్లో ఇనుము చాలా తక్కువ, తిన్న తిండిలో ఉన్నదాన్ని కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. చిరుతిండికీ భోజనానికీ మధ్య రెండు గంటలకు తక్కువ కాకుండా ఖాళీ ఉంచండి. మధ్యలో దాహమంటే మంచినీళ్లే.

రెండు వంటల అమ్మ:
చెప్పడం తేలికే. "పిల్లాడు పాలు అడిగితే లేదనమంటావా" అని అత్తయ్య ముఖం చిన్నబుచ్చుకుంటారు. పగలంతా వాణ్ణి చూసుకునేది ఆవిడే, నేను రూళ్లు పెడితే బాగుండదు.

పాతకాలం మామ్మ:
నువ్వు చెప్పకు. మీ ఆయన చేత చెప్పించు. కొడుకు చెబితే ఒకలా వినబడుతుంది, కోడలు చెబితే ఇంకోలా. నేనూ అత్తగారినే, నాకు తెలుసు.

షిఫ్ట్ డ్యూటీ:
నాకు ఈ సిద్ధాంతాలేవీ పట్టవు, టైమ్ ఒక్కటే లెక్క. వేరే వంట తప్పదనుకుంటే అది రాత్రి పూటే చేయాలని ఎక్కడుంది? సెలవు రోజున వాడు తినేవి చిన్న చిన్న డబ్బాల్లో సర్దేస్తాను. రెండు మూడు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, తీసినప్పుడు లోపలిదాకా పొగలు వచ్చేట్టు వేడిచేయాలి. అన్నం మాత్రం మర్నాటికి మించి ఉంచను. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉంటాయి. బయట ఎక్కువసేపు ఉంటే అవి పెరిగి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

పాతకాలం మామ్మ:
నిల్వ తిండి పిల్లలకా? సరే, నేనేమీ అనను.

రెండు వంటల అమ్మ:
అందరికీ థాంక్స్. పాల సంగతి ఈ రాత్రే మా ఆయన చెవిన వేస్తాను, అత్తయ్యతో ఆయనే మాట్లాడతారు. కూరముక్కలు పక్కకు తీసిపెట్టడం రేపే మొదలుపెడతాను, అది నాకు పెద్ద పని కాదు. రెండో వంట మాత్రం ఒక్కసారే మానలేను. వారం మధ్యలో ఉంచి, సెలవు రోజుల్లో ఒకటే వంట చేసి చూస్తాను.

గట్టిపిండం:
కొన్ని రోజులు ఉండి కొన్ని రోజులు లేకపోతే వాడికి లొసుగు దొరికిపోతుంది. చేస్తే పూర్తిగా చేయండి.

రెండు వంటల అమ్మ:
దొరకనివ్వండి. ఆఫీసులో ఆడిట్ అయ్యేదాకా రాత్రి ఎనిమిదింటికి యుద్ధం చేసే ఓపిక నాకు లేదు. ఆ తర్వాత మీ పద్ధతీ చూస్తాను.