రిథమ్ గిటార్ రెండుసార్లు వాయించాల్సిందేనా? ఒక్క టేక్‌నే (ఒకసారి వాయించి రికార్డు చేసినదాన్నే) కాపీ చేసి జరిపితే చాలదా?

కొర్లగుంట_డ్రాప్‌డి:
తిరుపతిలో అద్దె పోర్షన్. గోడకి అవతల ఇంటర్ పిల్లల హాస్టల్, అందుకే యాంప్ మోగించే వీల్లేదు. గిటార్ నుంచి ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో న్యూరల్ యాంప్ మోడలర్ (యాంప్ శబ్దాన్ని అనుకరించే ప్లగిన్), దాని వెనక క్యాబ్ ఐఆర్ (స్పీకర్ డబ్బా శబ్దపు నమూనా). డ్రాప్ డి (అన్నిటికన్నా లావు కింది తీగని డి స్వరానికి దించిన శ్రుతి), 160 బీపీఎం (నిమిషానికి 160 బీట్లు), బీట్‌కి నాలుగు చొప్పున పదహారోవంతు నోట్ల పామ్ మ్యూట్ (అరచేత్తో తీగని అదిమి కొట్టే) రిఫ్. బాగా వచ్చిన టేక్ ఒకటి ఉండాది. దాన్నే కాపీ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి పూర్తిగా కుడికి తోసి, కుడిదాన్ని 20 మిల్లీసెకన్లు ఆలస్యమయ్యేలా జరిపితే హెడ్‌ఫోన్స్‌లో గోడంత వెడల్పు వస్తా ఉండాది. అయినా అందరూ రెండోసారి వాయించాల్సిందే అంటారు. ఎందుకు?

అలిపిరి_రిఫ్:
రీపర్ మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ (ఎడమ, కుడి రెండూ ఒకటిగా కలిపేది) నొక్కి విను బ్రో. కింది తీగ బక్కచిక్కిపోతాది.

లెక్క చెప్తా. ఒకే శబ్దం 20 మిల్లీసెకన్ల తేడాతో తనతోనే కలిస్తే 25, 75, 125, 175 హెర్ట్జ్ ఇట్లా వరసగా గుంటలు పడతాయి, అంటే ఆ చోట్ల శబ్దం రద్దవుతాది. డ్రాప్ డి కింది తీగ 73.4 హెర్ట్జ్. సరిగ్గా గుంట అంచునే ఉండాది. తేడా లేకుండా కలిసినప్పటితో పోలిస్తే మూల స్వరం దాదాపు 20 డెసిబెల్స్ పడిపోతాది. మూల స్వరానికి మూడు రెట్లు, 220 దగ్గరుండే మూడో హార్మోనిక్ ఇంకో 10 పోగొట్టుకుంటాది. 147 దగ్గర రెండోది మాత్రం చెక్కుచెదరదు. అందుకే మోనోలో రిఫ్ పై స్థాయికి ఎక్కినట్టు పల్చగా ఉంటాది. 10 మిల్లీసెకన్లకి మార్చితే గుంట 150కి పోయి ఆ రెండో హార్మోనిక్‌నే మింగుతాది. ఏ అంకె పెట్టినా ఏదో ఒకటి పోవాల్సిందే.

ఇంకోటి. ముందొచ్చిన శబ్దం ఎటు నుంచి వస్తే చెవి అటే నమ్ముతాది. 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించింది ఇదే. కుడిది ఆలస్యం కాబట్టి గిటార్ మొత్తం ఎడమకే ఒరిగి ఉంటాది. నిజంగా రెండుసార్లు వాయిస్తే ఒక దెబ్బకి ఎడమది 4 మిల్లీసెకన్లు ముందు, ఇంకో దెబ్బకి కుడిది 7 ముందు. పిక్ వాలు, దెబ్బ బరువు కూడా ప్రతిసారీ మారతాయి. గుంట ఒకచోట నిలవదు, ఒరగడం ఉండదు. వెడల్పు అక్కడి నుంచే వస్తాది.

చిత్తూరు_స్టీల్‌తీగ:
జరిపిన కాపీ తప్పని నేనూ ఒప్పుకుంటా అన్నా. కానీ "రెండుసార్లు వాయించాల్సిందే" అనే మాట కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చెడుపు చేస్తాది. 160లో ఒక్కో పదహారోవంతు నోటు నిడివి 94 మిల్లీసెకన్లు. రెండు టేకులూ 10 లోపల ఉంటే ఒకటే పెద్ద గిటార్. 30 తేడా వచ్చిందంటే నోటులో మూడోవంతు జారినట్టు. "జుగ్" అని పడాల్సిన మ్యూట్ "జుజుగ్" అని పడతాది. అట్లాంటి డబుల్ (రెండుసార్లు వాయించి కలిపింది) కన్నా ఒక్క టేక్‌ని నడిమధ్యలో పెట్టి, కింద బేస్ గిటార్‌ని గట్టిగా నిలబెట్టడమే మేలు. చాలామంది వినేది ఫోన్‌లోనో చిన్న బ్లూటూత్ స్పీకర్లోనో. మధ్యలో ఉన్న గిటార్ యాడైనా చెడదు.

అలిపిరి_రిఫ్:
నడిమధ్యలో అయితే స్నేర్, గొంతు, కిక్ అన్నీ అక్కడే ఉంటాయి కదప్పా. గిటార్ కూడా అక్కడే కూర్చుంటే 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య గొంతుకి చోటే ఉండదు. గొంతు లేని రిఫ్ వీడియోకి నీ మాట సరే. పాటకి సరిపోదు.

తకధిమి_పిక్:
ఇద్దరూ రెండో టేక్ మొదటిదానితో ఎట్ల కలవాలో చెప్పకుండా వాదిస్తున్నారు.

మొదట వేగం. 160లో కావాలంటే 110 నుంచి మొదలుపెట్టండి. నాలుగు బార్లు వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 5 పెంచండి. మృదంగం పాఠం దగ్గర కూర్చున్నవాళ్ళకి లెక్క సులువు: పదహారోవంతులకి బీట్‌కి ఒక "తకధిమి", ట్రిప్లెట్‌కి "తకిట", గ్యాలప్‌కి "తా కిట". నోటితో అంటూ చేత్తో కొడితే క్లిక్ కన్నా ముందుకు పరుగెత్తడం తగ్గుతుంది. పిక్ 1 మిల్లీమీటర్ కన్నా మందం ఉండాలి. పల్చటిది వంగి తిరిగొచ్చేలోపు దెబ్బ ఆలస్యమవుతుంది, అది కూడా ఒక్కోసారి ఒక్కో రకంగా.

తర్వాత శ్రుతి. దీని సంగతి ఎవరూ ఎత్తలేదు. డ్రాప్ డిలో 10-46 తీగల సెట్ (అంకెలు సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) వదులుగా ఉంటుంది. గట్టిగా కొట్టగానే స్వరం పైకి లేచి మెల్లగా దిగుతుంది. రెండు టేకుల్లో దెబ్బ బరువు వేరైతే మోనోలో ఆ తేడా అలలా కదులుతుంది. 10-52 సెట్ వేయండి. వేసిన తర్వాత నెక్ వంపు, ఇంటొనేషన్ (పై ఫ్రెట్ల దగ్గర కూడా శ్రుతి సరిగ్గా ఉండటం) మళ్ళీ సరిచూడాలి, నట్ (నెక్ చివర తీగలు కూర్చునే పట్టీ) గాడి ఇరుకైతే తీగ పట్టేసి శ్రుతి నిలవదు. ట్యూనర్‌కి వాయించేటప్పుడు కూడా రిఫ్‌లో కొట్టే బలంతోనే కొట్టండి. ప్రతి టేక్‌కీ ముందు శ్రుతి చూడండి. మే నెలలో మన ఊళ్ళో ఏసీ గదిలోంచి వేడి గదిలోకి తెస్తే తీగ సాగి స్వరం దిగిపోతుంది. పావుగంట ఆగి ట్యూన్ చేయండి.

కొర్లగుంట_డ్రాప్‌డి:
గెయిన్ (యాంప్‌లో శబ్దం చీలే మోతాదు) 8 మీద ఉండాది. రెండో టేక్ కలిపితే ముద్దగా అయిపోతాదా? ఇంకో సమస్య, ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే బుస్ మని హమ్ వస్తాది.

అలిపిరి_రిఫ్:
ముద్దే అవుతాది. 5కి దించు. ఒంటరిగా వింటే తక్కువ అనిపిస్తాది, రెండూ కలిస్తే నిండుతాది. యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ (ఓవర్‌డ్రైవ్ పెడల్) తరహా ప్లగిన్ పెట్టి డ్రైవ్ 0, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో. దాని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కిందది తక్కువగా పెంచుతాది కాబట్టి పామ్ మ్యూట్ గుబగుబలాడకుండా బిగుస్తాది. నాయిస్ గేట్ (వాయించడం ఆగినప్పుడు చప్పుడు మూసేది) యాంప్‌కి ముందు. డీఐ (యాంప్‌కి పోకముందు రికార్డయిన నేరు గిటార్ సిగ్నల్) పీక్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య. ఐఆర్ తర్వాత 80 హెర్ట్జ్ కింద, 9 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్.

హమ్‌కి గేట్ మందు కాదు. నోటు మోగేటప్పుడు గేట్ తెరిచే ఉంటాది, హమ్ లోపలే ఉంటాది. చార్జర్ పీకి బ్యాటరీ మీద టేక్ తీసి చూడు. పోయిందంటే దోషం చార్జర్ దారిలో ఉన్నట్టు. పాత ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా లోపల ఎర్త్ తీగ ఒక్కోసారి కలిసి ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు, తీగలు పట్టుకునే చేతికి షాక్ కొడతాది. అన్నీ సరిగ్గా ఉండి కూడా వస్తా ఉంటే సింగిల్ కాయిల్ పికప్ (హమ్ సులువుగా పట్టే రకం) కావొచ్చు, స్క్రీన్‌కి అడ్డం తిరిగి కూర్చో.

చిత్తూరు_స్టీల్‌తీగ:
తకధిమి చెప్పినట్టు చేసినాక డబుల్‌కి నా అభ్యంతరం లేదు. కానీ రెండో టేక్ రాలేదని డీఐని ముక్కలు కోసి ప్రతి దెబ్బనీ గ్రిడ్‌కి (తెర మీది బీట్ గీతలకి) అతికించడం మొదలుపెట్టారా, మళ్ళీ మొదటికే. రెండూ ఒకే గీత మీద కూర్చుంటే ఆ 4, 7 మిల్లీసెకన్ల తేడా చచ్చిపోతాది. వెడల్పు సగం పోతాది.

తకధిమి_పిక్:
అన్నీ కాదు, 20 దాటి జారిన దెబ్బలే కోయండి. పిక్ తగిలే చోటుకి కొంచెం ముందు కోసి, 5 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగే అతుకు). యాంప్ తర్వాతి ఆడియోలో కాకుండా డీఐలోనే కోయాలి, లేకపోతే అతుకు దగ్గర టప్ మంటుంది. ఒక బార్‌లో నాలుగు చోట్ల కోయాల్సి వస్తే ఆ బార్ మళ్ళీ వాయించండి.

కొర్లగుంట_డ్రాప్‌డి:
నాలుగు టేకులు వేస్తే?

అలిపిరి_రిఫ్:
నెమ్మదైన, బరువైన రిఫ్‌కి వేయొచ్చు. లోపలి జంట (మధ్యకి దగ్గరగా పెట్టినవి) 3 డెసిబెల్స్ తక్కువ, గెయిన్ ఇంకా తక్కువ. 160లో పదహారోవంతులకి రెండు చాలు.

చిత్తూరు_స్టీల్‌తీగ:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా.