‘బండి లాగుతోంది’ అంటే ఏ లాగుడు? టార్క్ స్టీర్‌ను తెలుగులో చెప్పడం గురించి

ప్రశ్న: ముందు చక్రాలతో నడిచే హాట్ హ్యాచ్ కార్ల (ఎక్కువ శక్తి గల చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల) గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే స్టీరింగ్ తనంతట తాను ఒక పక్కకు తిరగబోయే గుణాన్ని ‘టార్క్ స్టీర్’ అంటారు కదా. పాఠ్యపుస్తకాల్లో టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, బలభ్రామకం అనే మాట ఉంది కాబట్టి ‘బలభ్రామక మళ్ళింపు’ అనవచ్చా? లేక గ్యారేజీలో అందరూ అనే ‘బండి లాగుతోంది’ సరిపోతుందా?

జవాబు: ‘లాగుతోంది’ని వదలకండి, అయితే ఒంటరిగా వాడకండి. ఈ క్రియ మన గ్యారేజీల్లో రెండు రకాల పని చేస్తోంది. ‘ఘాట్ రోడ్డులో బండి బాగా లాగుతోంది’ అంటే మెచ్చుకోలు, ఇంజనులో దమ్ముందని అర్థం. ‘లాగడం లేదు’ అంటే ఫిర్యాదు. అదే ‘ఎడమకు లాగుతోంది’ అన్నామంటే లాగడమే ఫిర్యాదు అయిపోతుంది. టార్క్ స్టీర్‌లో ఈ రెండు లాగుళ్ళూ ఒకే క్షణంలో జరుగుతాయి. బండి ముందుకు బలంగా లాగుతుంది, అందువల్లే పక్కకూ లాగుతుంది. ఆ ‘అందువల్ల’ను వదిలేసిన మాట తప్పు మరమ్మతుకు దారి తీస్తుంది.

‘పక్కకు లాగుతోంది’ అని మాత్రమే చెబితే బండిని నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు, అంటే చక్రాల కోణాలు సరిచేయడానికి, పంపుతారు. నిలకడ వేగంలో లాగితే అది సబబే. టైర్లు, గాలి, అలైన్‌మెంట్, రోడ్డు వాలు చూసుకోవాలి. బ్రేకు వేస్తే లాగితే ముందుగా బ్రేకుల్లోనే వెతకాలి. తొక్కితేనే లాగి, కాలు తీయగానే మానుకుంటే అది టార్క్ స్టీర్. ఈ తేడా అంతటినీ తెలుగు చేదర్థకం (‘అలా జరిగితే’ అనే అర్థమిచ్చే క్రియారూపం) ఒక్క ‘తే’తో చెప్పేస్తుంది. అందుకని నామవాచకం కోసం కుస్తీ పట్టే బదులు ‘తొక్కితే లాగుతోంది’ అని రాయండి. పేరు తప్పనిసరైన చోట ‘టార్క్ స్టీర్’ అనే ఉంచండి. ‘బలభ్రామక మళ్ళింపు’ నాకు నచ్చలేదు. మళ్ళించడమంటే ఎవరో పూనుకొని చేసే పని. ఇక్కడ స్టీరింగ్‌ను ఎవరూ తిప్పడం లేదు, అసలు ఇబ్బంది అదే.

ప్రశ్న అడిగినవారు: చాలా బాగుందండీ. కానీ కొత్త బండ్లలో కూడా ఇది ఉంటుందంటారు. అలాంటప్పుడు దీన్ని లోపం అనాలా, గుణం అనాలా?

జవాబు: రెండూ ఉన్నాయి, వ్యాసంలో వాటిని కలపకండి. బండి పుట్టుకతో వచ్చింది గుణం. ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది, చేతికి అలవాటవుతుంది. నిన్న లేనిది ఇవాళ మొదలైనా, రోజురోజుకూ ముదిరినా అది లోపం.

గుణం ఎక్కడ పుడుతుందంటే, ఇంజను అడ్డంగా అమర్చిన బండిలో గేర్‌బాక్సు ఒక పక్కకు ఉంటుంది. అందువల్ల ఒక చక్రానికి వెళ్ళే యాక్సిల్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) పొట్టిది, రెండోది పొడుగుది. పొడుగుది ఎక్కువ మెలితిరుగుతుంది కాబట్టి ఆ చక్రానికి టార్క్ తక్కువ అందుతుందని చాలామంది రాసేస్తారు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజను టార్క్‌ను రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) రెండు పక్కలకూ దాదాపు సమానంగానే పంచుతుంది కాబట్టి ఆ వివరణతో ఎక్కువ దూరం పోలేం. అసలు సంగతి కోణంలో ఉంది. గట్టిగా తొక్కినప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, యాక్సిళ్ళ వంపు మారుతుంది, పొట్టిదాని వంపు ఎక్కువవుతుంది. యాక్సిల్ చివర వంగిన కీలు గుండా టార్క్ వెళ్ళినప్పుడు చక్రాన్ని పక్కకు తిప్పే బలయుగ్మం ఒకటి పుడుతుంది. రెండు పక్కలా సమానంగా పుడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి; లేకపోతే ఆ తేడా స్టీరింగ్‌లోకి, అక్కడినుంచి మన అరచేతుల్లోకి వస్తుంది. అందుకే చాలా బండ్లలో ఇంజను దిమ్మకు బేరింగు బిగించి, మధ్యలో ఒక చిన్న షాఫ్టు పెట్టి, రెండు యాక్సిళ్ళనూ ఒకే పొడవుకు తెస్తారు.

లోపం వెతికేటప్పుడు ముందు చవకైనవి చూడాలి. ముందు టైర్లు రెండూ ఒకే రకానివా, ఒకే మేరకు అరిగాయా, గాలి సమానంగా ఉందా? తరువాత ఖాళీగా, చదునుగా ఉన్న చోట, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, రెండో గేరులో తొక్కి చూడాలి. అదే రోడ్డు మీద ఎదురు దిశలో కూడా చూడాలి, లేకపోతే రోడ్డు వాలును బండి మీదికి నెట్టేస్తాం. ఆ పైన ముందు టైర్లను అటూ ఇటూ మార్చి వేయించాలి. లాగే దిక్కు కూడా మారితే దోషం టైరుదే. తిరిగే దిశను సూచించే బాణం గుర్తున్న టైర్లను మాత్రం రిమ్ము నుంచి విప్పి మళ్ళీ ఎక్కించాలి.

అప్పటికీ దిక్కు మారకపోతే ఇంజను మౌంటింగులు (ఇంజనును పట్టుకునే రబ్బరు ఆధారాలు), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి) బుష్‌లు చూడాలి. మౌంటింగు చిరిగితే తొక్కినప్పుడు ఇంజను ఒరుగుతుంది, దానితో యాక్సిళ్ళ కోణాలూ మారతాయి. లోయర్ ఆర్మ్ వెనుక బుష్ రబ్బరు పగిలితే చక్రం ముందుకు జరిగి తన దిశనే మార్చుకుంటుంది. చువ్వ పెట్టి మెల్లగా ఎత్తితే ఆ పగులు నోరు తెరుస్తుంది, కంటికే కనిపిస్తుంది. ఇలాంటి బండిలో కాలు తీసిన క్షణాన స్టీరింగ్ ఎదురు పక్కకు ఒక్క గుంజు గుంజడం కూడా మామూలే.

మరో మాట. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండి గతుకుల మీద ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి గుంజుతుంది. పట్టు ఎక్కువున్న చక్రానికి టార్క్ ఎక్కువ పంపడమే దాని పని కాబట్టి అది రోగం కాదు. అక్కడ ‘లాగుతోంది’ కంటే ‘అటూ ఇటూ గుంజుతోంది’ అన్నది నిజానికి దగ్గర.

ఇంకొకరు: తయారీదారులు చేసిన మార్పుల గురించి రాసేటప్పుడు ‘స్టీరింగ్ యాక్సిస్’ను ‘ఇరుసు’ అనవచ్చా?

జవాబు: వద్దండీ. సంస్కృతంలో అక్షం అంటే మొదట ఇరుసే అయినా, ఇప్పుడు తెలుగులో ఆ రెండూ విడిపోయాయి. కంటికి కనిపించే కడ్డీ ఇరుసు, ఊహారేఖ అక్షం. ఇక్కడ కావలసింది రేఖే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ మళ్ళుతుందో ఆ రేఖ. చక్రం మధ్యభాగానికీ స్టీరింగ్ అక్షానికీ దూరం ఎంత ఎక్కువైతే ముందుకు తోసే బలానికి అంత పొడవైన మీట దొరుకుతుంది. 2004లో రెనో మెగాన్ ఆర్‌ఎస్, 2009లో ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్, 2015లో హోండా సివిక్ టైప్ ఆర్ చేసిన పని ఆ దూరాన్ని తగ్గించడమే. స్టీరింగ్‌తో తిరిగే భాగాన్ని స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉండే నిలువు కాలు) నుంచి విడదీసి, అక్షాన్ని చక్రం దగ్గరికి జరిపారు. ఆ ఫోకస్ 305 మెట్రిక్ హార్స్‌పవర్‌ను ముందు చక్రాలతోనే రోడ్డు మీద పెట్టింది. ఫోర్డ్ ఈ అమరికకు రెవోనకిల్ అని పేరు పెట్టింది, దాన్ని అనువదించనక్కరలేదు.

ఇంకొకరు: ఎడమ, కుడి అనే బదులు ఎద్దుల బండి మాటలు దాపల, వలపల వాడితే? జోడెద్దుల్లో ఒకటి ఎక్కువ లాగినప్పుడు బండి వంకరపోవడం రైతులకు కొత్త కాదు.

జవాబు: నాకు ఎంతో ఇష్టమైన మాటలవి. దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి. బండి పోయే దిశను బట్టే లెక్క, చూసేవాడు ఎక్కడ నిలబడినా మారదు. బానెట్ ఎత్తి ఎదురుగా నిలబడ్డ మెకానిక్‌కు తన కుడి బండికి ఎడమ అవుతుంది. ఒక పక్క యాక్సిల్‌కు బదులు రెండో పక్కది విప్పడం ఇలాగే జరుగుతుంది. అయినా ఇప్పటి పాఠకుల్లో ఎక్కువమందికి ఈ మాటలు అందవు. ‘డ్రైవరు వైపు’ అన్నా కుదరదు, అది ఇండియాలో, బ్రిటన్‌లో కుడి, అమెరికాలో ఎడమ. వ్యాసం మొదట్లోనే ‘బండిలో కూర్చుని ముందుకు చూస్తున్నప్పటి ఎడమ, కుడి’ అని ఒకసారి చెప్పేయండి.

ఆ తరువాత ఫిర్యాదును ఇలా రాయవచ్చు: ‘రెండో గేరులో పూర్తిగా తొక్కితే కుడికి లాగుతోంది, కాలు తీస్తే ఆగుతోంది, టైర్లు అటూ ఇటూ మార్చినా కుడికే లాగుతోంది.’ ఇది చదివిన మెకానిక్ అలైన్‌మెంట్ యంత్రం దగ్గరకు వెళ్ళడు, బండిని పైకెత్తి బుష్‌లు, మౌంటింగులు చూస్తాడు.