మా కాకటీల్‌కు జబ్బు చేసింది – పక్షులను చూసే వైద్యులు దగ్గరలో ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడేళ్లుగా పెంచుకుంటున్న మా కాకటీల్ (తలపై కుచ్చు ఉండే చిన్న విదేశీ చిలుక; రామచిలుక కాదండీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో పెంచకూడదని తెలుసు) నాలుగు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని పగలంతా కునుకుతోంది. గింజలు కొరుకుతున్నట్టే కనిపిస్తుంది గాని, వంటింటి కాటాపై తూచితే గత నెలలో 92 గ్రాములున్నది ఈ ఉదయం 81 గ్రాములే తూగింది. రెట్టలో తెల్లగా ఉండవలసిన భాగం పసుపుపచ్చగా మారడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం నన్ను మరింత కలవరపెడుతున్నాయి.

దీనిని మిగతా పిట్టల నుంచి వేరు చేసి, పంజరానికి ఒక పక్కన మాత్రమే బల్బు వెలిగించి, వేడెక్కితే జరగడానికి రెండో పక్కన చోటు వదిలాను. ముసురుకు చెమ్మగిల్లి బూజు వాసన వేస్తున్న పొద్దుతిరుగుడు గింజలను పారబోశాను. ఆ పని ముందే చేయవలసింది.

మా ఊళ్లో గేదెలకు వైద్యం చేసే ఆయన, కోళ్లకు వాడే యాంటీబయోటిక్ పొడిని నీళ్లలో కలిపి పెట్టమన్నారు. సరిగా నీళ్లే తాగని పిట్టకు మోతాదు ఎలా అందుతుందో నాకు అర్థం కాలేదు, అందుకే ఇంకా ఇవ్వలేదు.

ఈ లక్షణాలు చిలుకల నుంచి మనుషులకూ సోకే సిట్టకోసిస్‌వి కావచ్చునా? ఇంట్లో ఉబ్బసమున్న మా అమ్మగారు ఉన్నారు కనుక అడుగుతున్నాను. రాజమహేంద్రవరంలోగాని కాకినాడలోగాని పక్షులను పరీక్షించే వైద్యులుంటే దయచేసి తెలుపగలరు. బస్సులో తీసుకువెళ్లవలసి వస్తే దారిలో వెచ్చదనం తగ్గకుండా ఎలా చూసుకోవాలి?