రంగు త్వరగా ఆరాలని ఫ్యాన్లు, హీటర్లు పెట్టొచ్చా?

గోడమీదపిల్లి:
హాలు గోడలకు నీళ్లు కలిపే యాక్రిలిక్ ఎమల్షన్, తలుపులకు ఆయిల్ ఎనామిల్ వేయిస్తున్నాం. సామానంతా ఒకే గదిలో కుక్కేశాం. ఎప్పుడెప్పుడు సర్దుకుందామా అని అందరికీ ఆత్రంగా ఉంది. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఫ్యాన్లన్నీ ఫుల్‌లో పెడితే రాత్రికల్లా ఆరిపోతుందని ఒకరు. రంగుని దాని మానాన వదిలేయాలి, తొందరపెడితే పాడవుతుందని ఇంకొకరు. నేను నా పేరుకు తగ్గట్టే ఉన్నాను. మీరే తేల్చండి.

రంగులరాట్నం:
తేల్చడానికేముందండీ, ఫ్యాన్ పెట్టండి. ఎమల్షన్‌లోంచి ముందు పోవాల్సింది నీళ్లే కదా. గోడను ఆనుకుని ఉన్న గాలి కాసేపటికే తేమతో నిండిపోతుంది. ఆ గాలి అక్కడే నిలిచిపోతే గోడ మీది తడి పోవడం ఆలస్యమవుతుంది. దాన్ని కదిలిస్తే పని అయినట్టే. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి, అది గదిలోని తేమను లాగేస్తుంది. మామూలుగా ఎమల్షన్ రెండో కోటుకి 2 నుంచి 4 గంటలు ఆగమంటారు. గదిలో ముక్కిన వాసన, ఉక్కపోత ఉంటే ఆ 4 గంటలు కూడా చాలవు. దాని మానాన వదిలేయడం అంటే అదే.

పాతబ్రష్:
నేను పెయింటింగ్ పనిలోనే ఉన్నాను. ఏ ఇంటికెళ్లినా ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపించాకే రోలర్ పట్టుకుంటాను. ఒక పట్టీ వేసి పక్క పట్టీ వేసేలోపు మొదటిదాని అంచు ఇంకా తడిగానే ఉండాలి. గాలికి ఆ అంచు ఆరిపోయిందా, రెండో పట్టీ దాని మీదికి ఎక్కిన చోటల్లా గీత పడుతుంది. అది పగలు కనబడదు. సాయంత్రం లైటు వేశాక, వెలుతురు పక్కనుంచి పడితే గోడంతా చారలు తేలతాయి. అప్పుడు గోడ మొత్తం మళ్లీ కోటు వేయడం తప్ప దారి లేదు. గంట కలిసొస్తుందని చూసుకుంటే ఒక పూట పోతుంది. ఇక ఎనామిల్ వేసిన తలుపు ఎదురుగా ఫ్యాన్ పెడితే గదిలో దుమ్మంతా దాని మీదే అంటుకుంటుంది. ఉప్పుకాగితం పట్టి మళ్లీ మొదటికి రావాలి.

రంగులరాట్నం:
పాతబ్రష్ గారూ, వేస్తుండగా పెట్టమని నేనెక్కడన్నాను? గోడ మొత్తం అయిపోయాక పెట్టమంటున్నాను. అది కూడా గోడకేసి కాదు. టేబుల్ ఫ్యాన్ ముఖం కిటికీ వైపు తిప్పితే గదిలో గాలి బయటికి పోతుంది, రంగు మీద నేరుగా తగలదు. ఇందులో చారలకి, దుమ్ముకి చోటెక్కడ?

పాతబ్రష్:
అలా అయితే గోడల వరకు ఒప్పుకుంటాను. తలుపుల సంగతిలో మాత్రం ఒప్పుకోను.

తడిచెయ్యి:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. హీటర్ సంగతేంటి? బట్టలు ఎండలో త్వరగా ఆరతాయి కదా, రంగు ఎందుకు ఆరదు? మాకు తెలిసినవాళ్లు గ్యాస్ హీటర్ పెట్టి ఆరబెట్టారు. హెయిర్ డ్రయ్యర్ కూడా వాడారు.

ల్యాబ్‌కోటు:
రంగు బట్ట కాదండీ, అసలు తేడా అక్కడే ఉంది. బట్టలోంచి నీళ్లు పోతే పని అయిపోయింది. ఎమల్షన్‌లో నీళ్లు పోవడం మొదటి మెట్టే. ఆ తర్వాత అందులోని సన్నటి పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) రేణువులు ఒకదానికొకటి దగ్గరై, మెత్తబడి, కలిసిపోయి పొరగా మారాలి. చలిలో ఈ రెండో పని సరిగ్గా జరగదు. అందుకే చాలా డబ్బాల మీద 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే వేయొద్దని రాసి ఉంటుంది. చల్లటి గదిలో ఫ్యాన్ మాత్రమే పెడితే నీళ్లు పోతాయి గానీ రేణువులు కలవవు, రంగు చేతికి సుద్దలా రాలుతుంది. అలాంటి గదికి కాస్త వెచ్చదనం కావాల్సిందే. అలాగని వేడి గోడ మీదికే కొడితే పైపొర ముందు బిగుసుకుంటుంది, తడి లోపలే ఉండిపోతుంది. పొక్కులు, పగుళ్లు వచ్చేది అలాగే.

గ్యాస్ హీటర్ అయితే అసలు వద్దు. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. పొగగొట్టం లేని హీటరైతే ఆ తేమంతా గదిలోనే ఉంటుంది, అంటే ఏది పోవాలో అదే పెంచుతున్నారన్నమాట. పైగా పక్కన ఎనామిల్ డబ్బా తెరిచి ఉంటే దాన్ని పల్చన చేసే థిన్నర్ ఆవిరికి మంట తగిలి నిప్పంటుకునే ప్రమాదం. హెయిర్ డ్రయ్యర్ ఒక్కదానికే పనికొస్తుంది. షేడ్ ఆరాక ఎలా ఉంటుందో చూడాలనుకుంటే అరచేయంత ముక్క ఆరబెట్టుకోవచ్చు.

గోడమీదపిల్లి:
మరి తలుపులు? కొంచెం కిరోసిన్ కలిపితే పల్చబడి త్వరగా ఆరుతుందని ఒకాయన సలహా ఇచ్చారు.

పాతబ్రష్:
ఆ పని చేయకండి. కిరోసిన్ మెల్లగా ఎగురుతుంది, జిడ్డు మిగులుస్తుంది, మెరుపు చంపేస్తుంది. కంపెనీ చెప్పిన థిన్నరే, చెప్పినంతే కలపాలి. ఎక్కువ పోసినా ఆరడం పెద్దగా ముందుకి రాదు, కింది రంగు మాత్రం బయటికి కనబడుతుంది. నన్నడిగితే త్వరగా ఆరడానికి ఉన్న ఏకైక కిటుకు పల్చటి కోటు. మందంగా ఒక కోటు కొట్టేసి చేతులు దులుపుకుందాం అనుకుంటారే, వాళ్ల తలుపులే ముడతలు పడి వారమైనా చేతికి అంటుకుంటాయి.

ల్యాబ్‌కోటు:
ఇది నూటికి నూరు పాళ్లు నిజం. ఎనామిల్‌లో థిన్నర్ ఎగిరిపోయాక నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. మందంగా వేస్తే పైన తోలు కట్టేసి లోపలికి గాలి అందదు. పైకి 6–8 గంటల్లో ఆరినట్టే ఉంటుంది, రెండో కోటుకి మాత్రం సాధారణంగా 16 నుంచి 24 గంటలు ఆగాలి. అందుకే రంగులరాట్నం గారు చెప్పిన డ్రై మోడ్ ఏసీని మూసిన గదిలో తలుపుల కోసం పెట్టొద్దంటాను. థిన్నర్ వాసన, ఆవిరి గదిలోనే పేరుకుపోతాయి. కిటికీ తెరవాలి. గాలి మెల్లగా ఆడాలి.

రంగులరాట్నం:
బయట వాన పడుతుంటే? కిటికీ తెరిస్తే తడిగాలి లోపలికొస్తుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగే వేయొద్దంటారు కదా.

ల్యాబ్‌కోటు:
గోడలకైతే కిటికీ మూసి ఏసీ పెట్టండి, మీ మాటే నిజం. తలుపులకైతే వాన తగ్గే దాకా పని ఆపండి. ఒకే రోజు రెండూ పెట్టుకోవడమే అసలు చిక్కు. ఇంకో మాట. ముదురు షేడ్స్‌లో కలిపే రంగు ద్రావణాల్లో గ్లైకాల్ అనే ద్రవం ఉంటుంది, అది నెమ్మదిగా పోతుంది. పక్కగదిలో లేతరంగు ఆరిందని ముదురు ఎరుపు గోడ మీద చెయ్యి వేయకండి.

పాతబ్రష్:
గోడ లోపలే నెమ్ము ఉంటే ఈ చర్చంతా దండగ. పైన ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి చెమ్మ బయటికొస్తూనే ఉంటుంది, నాలుగు రోజులకి పెచ్చులు లేస్తాయి. ముందు నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడండి.

గోడమీదపిల్లి:
మా గోడల్లో నెమ్ము లేదు. లేత రంగే. ఈ రోజు గోడలు పూర్తి చేసి ఫ్యాన్ కిటికీ వైపు తిప్పుతాం, తలుపులు ఎల్లుండికి వాయిదా. సామాను ఎప్పుడు సర్దొచ్చు?

రంగులరాట్నం:
గోడలు రేపు ఉదయానికి చేతికి అంటవు. సర్దేయండి.

పాతబ్రష్:
సర్దండి గానీ సోఫా గోడకి ఆనించకండి. ఎమల్షన్ పూర్తిగా గట్టిపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అప్పటిదాకా మరక పడినా తడిగుడ్డతో రుద్దొద్దు. తలుపులకి రంగు వేశాక కొన్ని రోజులు గట్టిగా మూయకండి, పచ్చి మీద మూస్తే చట్రానికి అతుక్కుని, తెరిచేటప్పుడు రంగు ఊడి వస్తుంది.

రంగులరాట్నం:
తలుపులకి కూడా రెండో రోజు నుంచి కాస్త దూరంగా ఫ్యాన్ పెడితే తప్పేం లేదని నేను ఇప్పటికీ అంటాను. అప్పటికి పైపొర అంటుకోదు, దుమ్ము పడినా తుడిస్తే పోతుంది.

పాతబ్రష్:
మీ ఇంటి తలుపులకి పెట్టుకోండి సార్, నేను వేసిన తలుపులకి వద్దు.