ఒకే సైజు ఫ్లాట్లకు వేర్వేరు కిరాయి: తగ్గించమనే హక్కుందా?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌ల ఒకటే అపార్ట్‌మెంట్, ఒకటే ఓనర్. మాకు 9,500, పై ఫ్లోర్‌కు 8,000. రెండూ డబుల్ బెడ్‌రూమే. అగ్రిమెంట్ ఇంకా నాలుగు నెలలుంది. చట్టం ఏమంటది?

జవాబు: అడగొచ్చు, బలవంతపెట్టలేరు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కింద న్యాయమైన కిరాయి ఖరారు చేయించుకోవచ్చు గానీ, కార్పొరేషన్లల నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటితే అది వర్తించదు. ఈ పరిమితి ఇప్పటి ధరలకు అన్యాయమే. మీకు అగ్రిమెంటే దిక్కు. అందుల రాయకుంటే నడుమ పెంచే వీలు ఓనర్‌కూ లేదు.

జవాబు: ముందు ఆ 8,000ల మెయింటెనెన్స్ కలిసిందా, బండికి పార్కింగ్ ఉందా కనుక్కోండి. తేడా తరచూ అక్కడనే ఉంటది. రెన్యువల్‌కు నెల ముందే మాట్లాడండి. కొత్త కిరాయి, పెంపు శాతం, అడ్వాన్స్ వాపసు గడువు కాగితం మీద పెట్టించండి.

జవాబు: అడిగినందుకు ఓనర్ మీ ఇంటికి తాళం వేస్తే, ఇల్లు తిరిగి ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల లోపల సివిల్ కోర్టుకు పోవాలె. అక్కడ మీరు ఉంటున్నట్టు రుజువు కావాలె. కిరాయి ఫోన్‌పేల కట్టి, "మార్చి కిరాయి" అని నోట్ రాయండి. చేతికిస్తే రసీదు తప్పక తీసుకోండి.