సమస్య: “వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె” – వచ్చిన పూరణలు, వాటి మీద మాటలు

ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాను, మిగతా మూడు పాదాలు పూరించి పంపమన్నాను. సందర్భం కూడా నేనే చెప్పాను: నక్షత్రాల మధ్య పోతున్న నౌక. యంత్రశాలలో 12 మంది బందీలు. వాళ్ళను పట్టుకున్నవాడు లోపలినుంచి తలుపు బిగించుకున్నాడు. బయట అధికారులు రెండుగా చీలిపోయారు. తలుపు బద్దలుకొడదామని భద్రతాధికారి, మాట్లాడదామని వైద్యురాలు, ఎటూ తేల్చుకోలేక నాయకుడు. శత్రువు కాళ్ళమీద పడి పేరు తెచ్చుకోవడం ఎలాగన్నదే చిక్కు. ఆ చిక్కును పద్యంలోనే విప్పాలి.

మొదట వచ్చింది మాస్టారి పూరణ.

సేన వలదటంచు శ్రీహరిఁ గోరెను
శస్త్రమెత్తననిన చక్రధరుని;
పార్థుఁ డెఱిఁగి చేరి పడకింటిలో ముర
వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె.

మూడో పాదం చివర ‘ముర’ చేరేసరికి వైరి కాస్తా మురవైరి, అంటే కృష్ణుడు, అయిపోయాడు. ఇది అవధానుల నాటి పాత ఎత్తు, చేయి తిరిగినవాళ్ళకే ఇంత నున్నగా దిగుతుంది. ‘ఎఱిఁగి’, ‘ఎఱఁగి’ పక్కపక్కన పడటం ఇంకా ముచ్చటేసింది. తెలిసి వచ్చినవాడే వంగాడు. ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ళవైపు నిలుచున్నాడు. ఒకడికి నారాయణ సేన దక్కింది, రెండోవాడికి ఆయుధం పట్టనన్న మనిషి దక్కాడు. బలమా, మాటా అన్న తగువుకు మన భాషలో ఇంతకంటే పాత ఉదాహరణ వెతకనక్కర్లేదు. కానీ మాస్టారూ, మన్నించాలి, నౌక ఏదండీ? బందీలు లోపలే ఉండిపోయారు. పద్యానికి వంక పెట్టలేను గానీ సందర్భానికి మాత్రం మార్కు తగ్గించక తప్పదు.

కొత్తగా చేరిన తమ్ముడు నేరుగా నౌకలోకే దిగాడు.

కాల్చిరేని యచటఁ గడతేరు బందీలు
పంతమేల యనుచుఁ బడవఱేఁడు
పరువు విడిచి పెక్కు ప్రాణాలు కాపాడ
వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె.

‘పడవఱేఁడు’ భలే మాట. ‘ప్రాణాలు’ అన్నచోట ‘ప్రాణముల్’ అంటే గణం చెడదు, పద్యం భాష ఒక తీరుగా ఉంటుంది. నాకు నచ్చనిది వేరే ఉంది. తమ్ముడూ, నీ నాయకుడు సంప్రదింపులు జరపలేదు, లొంగిపోయాడు. రెండూ ఒకటి కావు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలైన క్రీడాకారులు హతమైన ఘోరం తరవాత, 1973లో న్యూయార్క్ పోలీసులు బందీల విషయంలో మాట్లాడటానికే ఒక జట్టును తయారుచేశారు. ఆ పనికి మూలం వినడం. అవతలివాడి మాటలోంచి వాడికి నిజంగా కావలసినదేమిటో పట్టుకోవడం, చిన్నదేదైనా ఇస్తే బదులుగా ఏదో ఒకటి రాబట్టడం, పొద్దు గడపడం. పొద్దు గడిచేకొద్దీ కోపం దిగుతుంది. పరువు వదిలేసి కాళ్ళమీద పడితే వాడికి పొగరెక్కుతుంది, అంతే.

ఇక్కడ ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న బాగుంది: “నేలమీదైతే పొద్దు గడపొచ్చు. ఓడలో గాలి అయిపోదా?” మనిషికి రోజుకు దాదాపు 0.84 కిలోల ప్రాణవాయువు కావాలి. అంతకంటే ముందు ముంచేది వదిలిన ఊపిరి. మూసిన గదిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే తలనొప్పి, మగత, చిరాకు. తుపాకి పట్టినవాడికీ అదే తలనొప్పి, అదే చిరాకు! అంటే నేలమీద మనవైపు ఉండే కాలం అక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ గదిలోకి గాలి ఆడుతూ ఉండేలా చూడటమే మొదటి బేరం కావాలి. ఈ ముక్క ఎవరైనా పద్యంలో పెడతారేమోనని ఎదురుచూశాను, పెట్టలేదు.

తరవాతిది భద్రతాధికారి నోట. రాసినాయన ఉద్యోగరీత్యా యూనిఫాం వేసుకున్న మనిషి, పద్యంలో అది తెలిసిపోతుంది.

అడుగు లిచ్చుకొలఁది నడుగును మఱికొన్ని
దుడుకువాఁడు మాటతోడ వినునె?
తలుపుఁ బగులఁగొట్టి దాడి సేయుఁ డెవఁడు
వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె?

సమస్యను ప్రశ్నగా తిప్పి కొట్టారు. కాకువు, అంటే గొంతు మార్చి మాటకు ఎదురు అర్థం తేవడం, అంటే ఇదీ. మొదటి పాదంలో ‘అడుగు’ రెండర్థాల్లో నడిచింది, ఒక అడుగు ఇస్తే ఇంకో అడుగు అడుగుతాడని. ఆయన వాదనను తీసిపారేయలేం. 1980 మే 5న లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంలోకి కమాండోలు దూకి 17 నిమిషాల్లో ముగించారు. కానీ అంతకుముందు ఆరు రోజులు మాటలు నడిచాయి. ఆ మాటల్లోనే అయిదుగురు బయటికొచ్చారు, ఆ వ్యవధిలోనే కమాండోలు భవనం ఆనుపానులు తెలుసుకున్నారు. లోపలివాళ్ళు ఒక బందీని చంపాకే ఆజ్ఞ వెళ్ళింది. దానికి పదకొండు రోజుల ముందు, ఏప్రిల్ 24న, టెహ్రాన్‌లోని తమ రాయబార కార్యాలయంలో బందీలైనవాళ్ళ కోసం అమెరికా పంపిన హెలికాప్టర్లు, విమానాలు ఎడారిలోనే ఆగిపోయాయి. తిరుగుదారి పట్టబోతూ ఒక హెలికాప్టరు విమానాన్ని గుద్దుకుని ఎనిమిదిమంది సైనికులు పోయారు. అక్కడి 52 మంది చివరికి విడుదలైంది పట్టుబడిన 444 రోజులకు, అల్జీరియా మధ్యవర్తిత్వంతో. అందుకే ఆయన్ను ఒకటే అడిగాను: తలుపు పగలగొట్టడం సరే, ఎప్పుడు? పద్యంలో ‘ఎప్పుడు’ లేదు.

ఇక వైద్యురాలి పక్షాన ఒక అక్కగారు పంపినది.

కాలి గాయమునకుఁ గట్టుఁ గట్టుదు నంచు
వచ్చె వైద్యురాలు వట్టిచేత;
మందు పూసి మాట మాటలోఁ గలుపుచు
వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె.

రెండో పాదం మొదట “వైద్యురాలు వచ్చె నుత్తచేత” అని పంపారు. ‘వై’కి ‘ను’తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ అక్షరం) కుదరదని చెబితే పది నిమిషాల్లో మాటలు అటూ ఇటూ జరిపి, ‘ఉత్త’ను ‘వట్టి’ చేసి పంపారు. దిద్దాక మెరుగైంది కూడా. ‘వచ్చె’ ముందుకు రావడంతో ఆమె నడిచొస్తున్నట్టే ఉంది.

ఈ పూరణలో కాళ్ళకెఱగడం లొంగుబాటు కాదు. వైద్యం. గాయపడినవాడి కాలు చూడాలంటే వంగాల్సిందే. భారం లేని నౌకలో ఆ దృశ్యాన్ని ఊహించుకోండి. అక్కడ మోకాళ్ళు ఊనడానికి నేలంటూ ఉండదు. గాయం మీద వేలు నొక్కితే ఆమె వెనక్కి తేలిపోతుంది, అతను అటువైపు జారిపోతాడు. కట్టు కట్టాలంటే ఆమె అతని చీలమండ పట్టుకోవాలి, అతను తుపాకి లేని చేత్తో ఆమె భుజం పట్టుకోవాలి. ఒకరినొకరు పట్టుకోకుండా ఆ పని జరగదు. “నొప్పిగా ఉందా?” అన్న మొదటి ప్రశ్నకు అతను జవాబు చెప్పాడంటే, మాటలు మొదలైనట్టే. పైగా పై ఎవరో కింద ఎవరో తేలని చోట, ఎవరు ఎవరికి వంగారని చెప్పగలం?

తమ్ముడు ఒప్పుకోలేదు. “ఆమెను కూడా బందీగా పట్టుకుంటే?” అన్నాడు. నిజమే. బందీల చెంతకు ఇంకో మనిషిని పంపడం ఈ పని తెలిసినవాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు, తలుపు ఇవతలినుంచే మాట్లాడమంటారు. అక్కగారు దానికి వాదన పెట్టుకోలేదు. “ఆమె ఆ సంగతి తెలిసే వెళ్ళింది” అని ఒక్క వాక్యం రాశారు. మాస్టారి పద్యంలోని ‘ఎఱిఁగి’ నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

బహుమతి ఈ పద్యానికే అని ప్రకటించాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. రాత్రి పొద్దుపోయాక భద్రతాధికారి తరఫున రాసినాయన మళ్ళీ వచ్చారు. “మీరు ‘ఎప్పుడు’ అని అడిగారు కదా” అని, కింద ఇది:

మాట సాగువేళ మౌనమే నావంతు
గుండు నింపి కూడఁ గుదురుగాను
తలుపువెనుక నేను తాళియుంటిని, తాను
వైరి కాళ్ళకెఱఁగి వాసికెక్కె.

నాలుగుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు.