తెల్ల జిల్లేడు వేరే జాతా, ఉత్త రంగు తేడానా?

పెరటితోట: నర్సరీలో తెల్ల జిల్లేడు అడిగితే రేటు బాగా ఎక్కువ చెప్పారు. "ఇది మామూలు జిల్లేడు కాదండీ, దీని జాతే వేరు" అంటున్నారు. మొక్కకి ఇంకా పూత లేదు. ఊదా పూలది రోడ్డు పక్కన ఊరికే దొరుకుతుంది కదా, నిజంగా రెండూ వేరువేరా?

మూలికలమూట: వేరే. ఆయుర్వేద గ్రంథం భావప్రకాశ నిఘంటువు శ్వేతార్కం (తెల్ల జిల్లేడు), రక్తార్కం (ఎర్ర జిల్లేడు) అని విడిగా చెప్పింది. ఒకటే అయితే వినాయకుడికి తెల్లదే కావాలని ఎందుకు వెతుకుతారు?

బీడుభూమి: పూజకి ఏది వాడాలన్న దాని జోలికి నేను పోను. కానీ రంగు చూసి జాతి తేల్చకండి. మన దగ్గర బీళ్లలో కనిపించే జిల్లేళ్లు రెండు జాతులు, కెలోట్రోపిస్ జైగాంటియా, కెలోట్రోపిస్ ప్రొసెరా. జైగాంటియాలోనే ఊదా పూలవీ ఉన్నాయి, తెల్లపూలవీ ఉన్నాయి.

ముందు మొగ్గ చూడండి. జైగాంటియా మొగ్గ కాస్త కోలగా ఉంటుంది, ప్రొసెరాది గుండ్రంగా ఉంటుంది. విచ్చాక జైగాంటియా రేకులు వెల్లకిలా పరుచుకుని, కొన్ని వెనక్కి మెలితిరుగుతాయి. ప్రొసెరా పువ్వు చిన్నది, రేకులు నిటారుగా ఉంటాయి, తెల్లటి రేకు కొసన ముదురు ఊదా మచ్చ ఉంటుంది. దీన్ని దూరం నుంచి చూసి తెల్ల జిల్లేడు అనుకునేవాళ్లు బోలెడుమంది!

గట్టుమీద: చదవడానికి బాగానే ఉంది. మా పొలం దగ్గరి చెట్టు రేకులు అటూ కావు, ఇటూ కావు. అప్పుడే విచ్చిన పువ్వు ఏదైనా సగం లేచే ఉంటుంది కదండీ. ఫోన్ యాప్ కూడా పొద్దున ఒక పేరు, సాయంత్రం ఒక పేరు చెబుతోంది.

బీడుభూమి: అందుకే ఒక్క పువ్వుతో తేల్చకూడదు, గుత్తిలో పూర్తిగా విచ్చినవి చూడాలి. అప్పటికీ అనుమానముంటే పువ్వు నడుమ కిరీటంలా నిలబడిన ఐదు కండగల తమ్మెల్ని భూతద్దంతో చూడండి. జైగాంటియాలో తమ్మె కొసకి కొంచెం కిందుగా, రెండు పక్కలా మొద్దు చెవుల్లాంటి బుడిపెలుంటాయి. ప్రొసెరాలో ఉండవు. తుంచేటప్పుడు జాగ్రత్త, పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

మూలికలమూట: అంటే నిఘంటువు తప్పంటారా?

బీడుభూమి: తప్పని ఎవరన్నారండీ? అవి వైద్యులు మందు కోసం వేరుచేసుకున్న రకాలు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మొదలుపెట్టిన జాతుల లెక్కతో అవి అతికినట్టు సరిపోవాలని ఎక్కడుంది?

పెరటితోట: సరే, తెల్లదాని గింజ వేస్తే తెల్లదే వస్తుందా?

బీడుభూమి: చుట్టుపక్కల ఊదావి ఉంటే గ్యారంటీ లేదు. పుప్పొడి ముద్దల్ని తుమ్మెదలు ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి మోసుకెళ్తాయి. తెల్లగా పూస్తున్న చెట్టు కొమ్మ తెచ్చి నాటుకోండి. పూత చూడకుండా మాత్రం డబ్బులివ్వకండి.

మూలికలమూట: ఆ నర్సరీవాడి మాట నేనూ నమ్మను. కానీ మందుకి రెండూ ఒకటే అంటే మాత్రం ఊరుకోను.